కథ తెలిశాక మీ ఆట తీరు మారిందా? స్పాయిలర్లు ఉన్నాయి, చూసుకుని చదవండి

రాత్రిబండి | కూకట్‌పల్లి | శుక్రవారం రాత్రి 11:52

రెడ్ డెడ్ రిడంప్షన్ 2 మొన్న ఆదివారం పూర్తి చేశాను. 2018లో వచ్చిన గేమే, దానికి సరిపడే పీసీ నాకు ఈ ఏడాదే కుదిరింది. ఐదు రోజులైనా మనసులోంచి పోవట్లేదు. అందుకే ఈ థ్రెడ్.

మొదటి సగం నేను ఆడిన తీరు ఇది. దారిలో కనిపించిన బండినల్లా ఆపి దోచేవాణ్ణి. గుర్రాన్ని నడిపించిందే లేదు, ఎప్పుడూ దౌడే. మనం ఆడే పాత్ర ఆర్థర్ మోర్గాన్ అప్పు వసూలుకని థామస్ డౌన్స్ ఇంటికి వెళ్లే మిషన్ ఉంటుంది కదా. డౌన్స్ జబ్బు మనిషి. కొడుతుంటే దగ్గుతాడు, ఆ రక్తం ఆర్థర్ ముఖం మీద పడుతుంది. ఆ సీన్‌లో నేను ఏ బటన్ నొక్కాలో చూసుకున్నానే తప్ప ఆయన ముఖం చూడలేదు. చాలా గంటల తర్వాత సెయింట్ డెనిస్ వీధిలో ఆర్థర్ కుప్పకూలిపోతాడు. డాక్టర్ పరీక్ష చేసి టీబీ అంటాడు.

మా తాతకు టీబీ ఉండేది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నాన్న ఆయన్ని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. నేను బయట చెట్టు కింద క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తాత వస్తున్నాడని మనిషి కనపడక ముందే దగ్గును బట్టి తెలిసేది. గేమ్‌లో ఆర్థర్ దగ్గు విన్నప్పుడు హెడ్‌ఫోన్స్ తీసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఆ రాత్రి నుంచి గుర్రాన్ని నడిపించాను. ఎవ్వరూ చెప్పలేదు, గేమ్ కూడా అడగలేదు. దోపిడీలు మానేశాను. దారిలో ఎవరు పిలిచినా ఆగాను. డౌన్స్ భార్య ఈడిత్ కనిపించినప్పుడు ఆ సైడ్ మిషన్ వదల్లేకపోయాను.

మా రూమ్మేట్ కూడా అదే సీన్ చూశాడు. ఆ రాత్రే రైలు దోచాడు. నాకొచ్చిన ముగింపులో ఆర్థర్ కొండ మీద సూర్యోదయం చూస్తూ కన్నుమూశాడు. వాడికొచ్చిన దాంట్లో ఆర్థర్ ముఠాలోని మైకా అతన్ని కాల్చి చంపాడు. ఒకే కథ, ఒకే రూమ్, రెండు ఆటలు. ఎందుకిలా? మీకెప్పుడైనా కథ చేతిని పట్టుకుని ఆపిందా?

స్క్వాడ్‌లీడర్ | దిల్‌సుఖ్‌నగర్ | శనివారం 12:20

అన్నా, నేను కథ ఉన్న గేములు పెద్దగా ఆడను. మాది బీజీఎంఐ, అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా. వంద మంది దిగుతారు, చివరికి ఒక్క టీమ్ మిగులుతుంది. అంతే. కానీ కథ లేదంటే ఒప్పుకోను. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ బ్యాన్ అయ్యాక మా నలుగురం చెదిరిపోయాం. 2021 జూలైలో దాని బదులు బీజీఎంఐ వచ్చాక మళ్లీ కలిసి ఎరాంగెల్‌లో దిగిన మొదటి మ్యాచ్‌లో, మిలిటరీ బేస్ బ్రిడ్జి మీద మావాడొకడు నాకౌట్ అయ్యాడు. వాణ్ణి లేపడానికి వెళ్తే ముగ్గురం పోతామని తెలుసు. వెళ్లాం. పోయాం. ఏడాది దూరం ఉన్నవాణ్ణి బ్రిడ్జి మీద వదిలేసి ఎట్లా వస్తాం?

ఆ కథ ఏ రైటరూ రాయలేదు. అయినా మా ఆటను మార్చింది.

ఊకొట్టేపిల్ల | తార్నాక | శనివారం ఉదయం 8:05

రాత్రిబండి గారూ, మీ పోస్టు చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్లది జనగామ వైపు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకుని పడుకుంటే కథ చెప్పేది. నియమం ఒక్కటే, మేం ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. ఇంకో సంగతి పెద్దయ్యాక అర్థమైంది. మా ఊ బట్టి కథ మారేది. రాక్షసుడు వచ్చే చోట మా గొంతు సన్నబడితే వాణ్ణి తొందరగా చంపేసేది. గట్టిగా ఊ కొడితే వాడికి ఇంకో రెండు తలలు మొలిచేవి.

నాకు గేమ్ అంటే అదే. బటన్ నొక్కడం ఊ కొట్టడం లాంటిది. 2015లో వచ్చిన అండర్‌టేల్‌లో నాకు సరిగ్గా ఇలాగే జరిగింది. మొదట్లో టోరియెల్ అనే తల్లి లాంటి పాత్ర మనల్ని చేరదీస్తుంది, బయటికి పోనివ్వనని అడ్డం పడుతుంది. ఎలా తప్పించుకోవాలో తెలియక కొట్టాను, చనిపోయింది. ఏడుపొచ్చి, సేవ్ వెనక్కి తెచ్చుకుని, రెండోసారి కొట్టకుండా ఓపిక పట్టి దాటాను. హమ్మయ్య అనుకుంటుంటే ఫ్లవీ అనే పువ్వు ఎదురొచ్చి, నువ్వు ముందు ఏం చేశావో నాకు తెలుసు అంది. వెనక్కి తిప్పుకున్న తప్పు కూడా గుర్తుంది దానికి! ఒళ్లు జలదరించింది.

ఆ తర్వాత ఒక్కరిని కూడా చంపలేదు. చంపకపోతే లెవెల్ పెరగదు, చివరి దాకా 20 హెచ్‌పీతోనే, అంటే మొదట్లో ఉన్న ప్రాణబలంతోనే ఉండాలి. ఆట చాలా కష్టమైపోయింది. ఆ కష్టం నేను కోరి తెచ్చుకున్నదే.

పార్క్‌లేన్ పాతకాపు | సికింద్రాబాద్ | శనివారం ఉదయం 10:31

మా కాలం ముచ్చట ఒకటి చెప్పాలి. కథ వినాలంటే ముందు టైం ఉండాలి కదా. వైస్ సిటీ 2002లో వచ్చింది, మేం నెట్ సెంటర్‌లో ఆడేవాళ్లం. గంటకు 20 రూపాయలు. కట్‌సీన్, అంటే మధ్యలో సినిమాలా వచ్చే కథ ముక్క వస్తే పక్కనున్నవాడు "స్కిప్ కొట్టు, స్కిప్ కొట్టు" అని అరిచేవాడు. రెండు నిమిషాల మాటలంటే ఆ మేరకు డబ్బు పోయినట్టే. పైగా ఆ ఇంగ్లిష్ మాకు అందేది కాదు.

చిన్న రిమోట్ హెలికాప్టర్‌తో కడుతున్న బిల్డింగ్‌లోకి నాలుగు బాంబులు మోసే మిషన్ గుర్తుందా? దాని మీద ఎన్ని సాయంత్రాలు పోయాయో. ఎందుకు పేలుస్తున్నానో మాత్రం ఒక్కరోజూ తెలియదు. ముప్పై దాటాక ఇంట్లో మళ్లీ ఆడితే అప్పుడు విన్నాను. ఏవరీ క్యారింగ్టన్ అనే రియల్ ఎస్టేట్ పెద్దమనిషి తన భూముల వ్యాపారం కోసం చేయిస్తున్న పని అది. అప్పటికి నేను సొంత ఫ్లాట్ కోసం ఏడాదిగా బిల్డర్ల చుట్టూ తిరుగుతున్నాను. హెలికాప్టర్ ఎగరేస్తుంటే చెయ్యి మునుపటిలా ఆడలేదు. గోడలెక్కి పని చేస్తున్న కూలీలు మొదటిసారి కనిపించారు. పాత రోజుల్లో వాళ్లు నాకు రెక్కలకు తగిలే అడ్డం మాత్రమే.

కథ తెలుగులో వినిపించి ఉంటే ఆ వయసులో మేం ఎలా ఆడేవాళ్లమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

లెవెల్ పనివాడు | మాదాపూర్ | శనివారం మధ్యాహ్నం 2:14

గేములు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి లోపలి వైపు నుంచి రెండు మాటలు. కట్‌సీన్‌లో కథ బాగా చెప్పొచ్చు, కానీ చేతులు ఖాళీగా ఉంటాయి. టెస్టింగ్‌కి వచ్చినవాళ్ల పక్కన కూర్చుని చూస్తాను నేను, స్క్రీన్ కన్నా ఎక్కువ వాళ్ల చేతులు చూస్తాను. కట్‌సీన్ మొదలవగానే కంట్రోలర్ ఒళ్లోకి జారుతుంది, ఫోన్ చేతికొస్తుంది. కథ పాపం గోడకు చెప్పినట్టే.

ఒకసారి మా లెవెల్‌లో ఒంటరి ముసలావిడ పాత్ర ఉండేది. ఆవిడ కష్టం అంతా మాటల్లో రాశాం, చక్కగానే రాశాం. ఎవరికీ పట్టలేదు. ఆవిడ ఇంటి ముందు కుండలు పగలగొట్టి నాణేలు ఏరుకునేవాళ్లు. చివరికి మాటలు సగం తీసేసి, బావి నుంచి ఇంటి దాకా ఆవిడ బిందె మనమే మోసేలా పెట్టాం. బిందె ఎత్తుకున్నంత సేపూ పరుగు పనిచేయదు. నడక కూడా సగం వేగమే. నీళ్లు తొణికే చప్పుడు, ఆవిడ వెనకాల అడుగులు. అంతే. ఆ తర్వాత వచ్చిన టెస్టర్లలో చాలామంది కుండల జోలికి పోలేదు. ఒకమ్మాయి పొరపాటున ఒకటి పగిలితే నాలుక కరుచుకుని నా వైపు చూసింది.

రాత్రిబండి, మీ గుర్రం విషయం నాకు ఆశ్చర్యం కాదు. ఆ గేమ్‌లో మాటలు ఎక్కువగా గుర్రాల మీదే జరుగుతాయి, బటన్ పట్టుకుంటే పక్కవాడి వేగానికి మన గుర్రం సర్దుకుంటుంది. అలా గంటల తరబడి నెమ్మదిగా పోవడం మీ చేతికి ముందే అలవాటు చేశారు. మీ తాత జ్ఞాపకం వచ్చేసరికి చెయ్యి సిద్ధంగా ఉంది.

కథ ఒకవైపు, ఆట ఒకవైపు లాగితే ఏమవుతుందో ఫాల్‌అవుట్ 4లో చూడొచ్చు. 2015 గేమ్. పసిబిడ్డను ఎత్తుకుపోయారు, వెతకాలి. మనం మాత్రం వారాల తరబడి ఊళ్లు కట్టుకుంటూ, రేకులు ఏరుకుంటూ ఉంటాం. బిడ్డ గురించి తొందర ఉందని కథ అంటుంది, తొందరేం లేదని ఆట అంటుంది. జనం ఆట మాటే వింటారు. ఇలాంటి పొంతన లేనితనానికి క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ 2007లో బయోషాక్ అనే గేమ్ గురించి రాస్తూ లూడోనారేటివ్ డిసొనెన్స్ అని పేరు పెట్టాడు. 2016లో వచ్చిన అన్‌చార్టెడ్ 4లో వెయ్యి మంది శత్రువులను చంపితే ఇచ్చే ట్రోఫీకి ఆ పేరే పెట్టారు.

లెక్కల మాస్టారు | మల్కాజిగిరి | శనివారం సాయంత్రం 4:40

బయోషాక్ పేరెత్తారు కాబట్టి ఆ లెక్క ఒకసారి చూద్దాం. లిటిల్ సిస్టర్ అనే పాప దొరికినప్పుడు ప్రాణం తీస్తే 160 ఆడమ్ (గేమ్‌లో కొత్త శక్తులు కొనుక్కునేది దీంతోనే), కాపాడితే 80. సగానికి సగం నష్టం అనిపిస్తుంది. కానీ ముగ్గురిని కాపాడితే ఒక బహుమతి వస్తుంది, అందులో 200 ఆడమ్ ఉంటుంది. అంటే ముగ్గురిని చంపితే 480, కాపాడితే 440. తేడా 40 మాత్రమే, బహుమతిలో వచ్చే మిగతా వస్తువులు కలిపితే కాపాడటమే లాభం.

మొదటిసారి ఆడినప్పుడు ఈ లెక్క నాకు తెలియదు. పాపను చేతుల్లోకి తీసుకుంటే ఆమె గింజుకుంటూ వెనక్కి నెడుతుంది. రెండు బటన్లు కనిపిస్తాయి. నేను చాలాసేపు ఏదీ నొక్కలేదు. రాబోయే గదుల్లో శక్తి చాలక చచ్చిపోతానేమో అనే టెన్షన్ ఒకవైపు, ఆ పాప ఒకవైపు. కాపాడాను. రెండోసారి ఆడేటప్పుడు లెక్క తెలుసు. అప్పుడూ కాపాడాను, కానీ అరక్షణం కూడా ఆగలేదు. పని అదే, ఆ మొదటి ఆగడం మాత్రం తిరిగి రాలేదు. అందుకే నా విద్యార్థులకు ఏ గేమ్‌కీ ముందే గైడ్ చూడొద్దని చెప్తాను.

కౌంటర్ నంబర్ 4 | ఉప్పల్ | శనివారం రాత్రి 9:18

నాది రోజంతా పత్రాలు చూసే ఉద్యోగం. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, టెన్త్ మెమోలో వెనకుంటుంది, రేషన్ కార్డులో అసలే ఉండదు. అలాంటి దాన్ని నేను ఇంటికొచ్చి పేపర్స్ ప్లీజ్ ఆడతానంటే మా ఆయనకు అర్థం కాదు. లూకస్ పోప్ ఒక్కడే చేసిన గేమ్, 2013లో వచ్చింది. ఆర్స్‌టోట్‌స్కా అనే దేశం సరిహద్దులో మనం పాస్‌పోర్టులు చూసే ఉద్యోగి. సరిగ్గా చూసి పంపిన ఒక్కొక్కరికి 5 క్రెడిట్లు. ఇంట్లో భార్య, కొడుకు, అత్తగారు, మామయ్య. తిండి, వేడి, మందులు అన్నీ ఆ జీతంలోంచే. ఒకరోజు తక్కువ పడితే పిల్లాడికి జ్వరం.

మొదటి రోజుల్లో యంత్రంలా ఆడాను. తేదీ, ముద్ర, ఫొటో, టక్, తర్వాతివాళ్లు. ఒకరోజు ఒకాయన వచ్చాడు, పత్రాలన్నీ బాగున్నాయి, ముద్ర వేశాను. పోతూ పోతూ, నా వెనక నా భార్య వస్తోంది, ఆమెను కాస్త దయగా చూడండి అన్నాడు. ఆమె వచ్చింది. ఎంట్రీ పర్మిట్ లేదు. వెనక్కి పోతే చంపేస్తారంటుంది.

ఇప్పుడు వినండి. ఆ గేమ్‌లో రోజుకు రెండు తప్పులు మందలింపుతో పోతాయి, మూడో దాని నుంచి 5 క్రెడిట్లు కోత. ఆమెను పంపించాను. మందలింపు చీటీ గరగరమని బయటికొచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ రోజు నుంచి ఆ రెండు తప్పులనూ పొదుపు చేయడం మొదలుపెట్టాను. పొద్దున్నే తొందరలో ఒక తేదీ చూడక తప్పు చేస్తే ప్రాణం ఉసూరుమనేది. అయ్యో, సాయంత్రం ఎవరైనా అలాంటివాళ్లు వస్తే నా దగ్గర ఒక్కటే మిగిలింది కదా అని. దాంతో మిగతా అందరి కాగితాలూ రెట్టింపు శ్రద్ధగా చూశాను. జాలి వల్ల ఆట మెత్తబడుతుందనుకున్నాను, నాకు చెయ్యి ఇంకా గట్టిపడింది.

కౌంటర్ దగ్గర నాకు అలాంటి రెండు తప్పులు ఎవరూ ఇవ్వరు. కానీ ఏ కాగితం ఎక్కడ సరిచేసుకోవాలో ఒక చీటీ మీద రాసివ్వగలను. ఇప్పుడు రాసిస్తున్నాను.

గోల్కొండ గాలి | లంగర్‌హౌజ్ | శనివారం రాత్రి 10:02

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నాది మాత్రం కోపం. ద లాస్ట్ ఆఫ్ అస్ చివర్లో ఎల్లీ అనే అమ్మాయిని ఆపరేషన్ టేబుల్ మీది నుంచి తీసుకుపోవాలంటే సర్జన్‌ను చంపి తీరాలి. పక్కన ఉన్న మిగతా ఇద్దరినీ వదిలేయొచ్చు, ఆయన్ను వదలడానికి దారి లేదు. నేను ఆ గదిలో గోడలన్నీ తడిమాను, ఇంకో తలుపు ఉంటుందేమోనని. లేదు. మనం ఆడే జోయెల్ చేశాడంటే సరే, అతని కథ. నా చేత్తో ఎందుకు చేయించాలి?

లెవెల్ పనివాడు | మాదాపూర్ | శనివారం రాత్రి 10:25

@గోల్కొండ గాలి, మీరు గోడలు తడిమారు చూడండి, అది కథ పని చేసినట్టే. కోపం న్యాయమైనదే, నేనూ దాన్ని కాదనను. ఇంకో దారి ఇచ్చి ఉంటే అది జోయెల్ కథ అయ్యేది కాదు, మీ కథ అయ్యేది. రెండూ విలువైనవే, రెండూ ఒకే గేమ్‌లో కుదరవు.

ఇంటర్ అమ్మాయి నాన్న | వనస్థలిపురం | ఆదివారం ఉదయం 6:50

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. నేను విచర్ 3 ఆడాను, ఆఫీసు నుంచి వచ్చాక రోజుకో గంట, ఐదారు నెలలు. మనం ఆడే గెరాల్ట్ తను కూతురిలా పెంచిన సిరి కోసం వెతుకుతాడు. దొరికాక ఆమెతో ఉన్న కొన్ని సందర్భాల్లో మనం ఏం అంటామన్నదే ముగింపును తేలుస్తుంది. అది చివరి దాకా మనకు తెలియదు.

నేను మంచి తండ్రిగా ఆడాననుకున్నాను. బాధలో ఉంటే, అన్నింట్లో గొప్పగా ఉండక్కర్లేదులే అని ఓదార్చాను. మంచు ముద్దలతో ఆడుకునే అవకాశం అక్కడే ఉంది, నేను ఎంచుకోలేదు. ఇంకోచోట ఆమె కోపంతో ఒక ప్రయోగశాలను ధ్వంసం చేయబోతే శాంతించమన్నాను. మాంత్రికురాళ్లతో మాట్లాడటానికి వెళ్తుంటే ఒంటరిగా పంపకుండా నేనూ లోపలికి వెళ్లాను. ప్రతిసారీ ఆమెకు ఏం కావాలో నేనే తేల్చాను. చివర్లో సిరి తిరిగి రాలేదు. అలా వచ్చే ముగింపు చాలా బాధగా ఉంటుంది, నేను టీవీ ఆపేసి చీకట్లో కూర్చున్నాను.

మళ్లీ పాత సేవ్ నుంచి ఆడాను. ఈసారి మంచు ముద్దలు విసిరాను, ప్రయోగశాల పగలగొట్టనిచ్చాను, సమావేశం తలుపు దగ్గరే ఆగిపోయాను. తలుపు బయట నిలబడటం నాకు గేమ్‌లో ఏ రాక్షసుడితో పోరాడటం కన్నా కష్టంగా అనిపించింది. సిరి బతికింది.

పోయిన నెల మా అమ్మాయి కాలేజీలో పేరెంట్స్ మీటింగ్. లెక్చరర్‌తో తను మాట్లాడుకుంటానంది. నేను కారిడార్‌లో నిలబడ్డాను.

ఆ రూమ్మేట్‌ని నేనే | కూకట్‌పల్లి | ఆదివారం మధ్యాహ్నం 1:15

వీడు థ్రెడ్ వేశాడని ఇప్పుడే చూశాను. నా మాట కూడా చెప్పాలి.

మా బాబాయికి పెద్ద జబ్బని తెలిశాక ఇంట్లో అందరూ ఆయనతో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టారు. బైక్ తాళాలు దాచేశారు. కల్లు వద్దు, సినిమా వద్దు, మెట్లు ఎక్కొద్దు. ఆయన ఏడాదిన్నర బతికాడు, ఆ ఏడాదిన్నరా మంచం మీదే. ఒకసారి నాతో, ఒక్కసారి ట్యాంక్‌బండ్ దాకా బండి మీద తీసుకుపోరా అన్నాడు. నేను భయపడి తీసుకెళ్లలేదు.

డాక్టర్ ఆర్థర్‌కు ఆ మాట చెప్పినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. అందుకే రైలు ఎక్కించాను. గుర్రాన్ని ఎంత వేగంగా పోగలదో అంత వేగంగా పరిగెత్తించాను. వీడికి తాత గుర్తొచ్చి నెమ్మదించాడు, నాకు బాబాయి గుర్తొచ్చి ఆగలేకపోయాను.

రాత్రిబండి | కూకట్‌పల్లి | ఆదివారం మధ్యాహ్నం 1:32

రేయ్, ఇది నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.

ఊకొట్టేపిల్ల | తార్నాక | ఆదివారం మధ్యాహ్నం 2:10

రాత్రిబండి గారూ, మొదట్లో మీరడిగిన ప్రశ్నకు జవాబు మీ రూమ్‌లోనే ఉంది. మీ ఇద్దరూ ఊ కొట్టారు, గొంతులు వేరు.

రాత్రిబండి | కూకట్‌పల్లి | ఆదివారం రాత్రి 11:47

సాయంత్రం ఇద్దరం చాయ్ తాగి వచ్చి కొత్త సేవ్ మొదలుపెట్టాం. ఒక కంట్రోలర్, మిషన్‌కొకరం. ఇప్పుడు డౌన్స్ ఇంటి దాకా వచ్చాం, వంతు నాది. దూరంగా చెట్టు దగ్గర గుర్రం దిగి నిలబడ్డాను. ఆయన ఇంటి ముందు పని చేసుకుంటున్నాడు. వెనక్కి వెళ్లిపోదామా అని అడిగాను. తిరిగి తిరిగి మళ్లీ ఇక్కడికే రావాలి, ఇది చేయకుండా కథ ముందుకు పోదు, అన్నాడు వాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

తర్వాత నడుచుకుంటూ వెళ్లాను. ఈసారి బటన్ల కోసం చూడలేదు, ఆయన ముఖమే చూశాను. ఆయన దగ్గుతుంటే వాడు లేచి స్పీకర్ వాల్యూమ్ తగ్గించబోయి, మళ్లీ కూర్చున్నాడు.